22 వేల డిస్కౌంట్‌తో ఎలక్ట్రిక్ స్కూటర్ ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కాలేజీలో పనిచేస్తాను. రోజూ పోను రాను 32 కిలోమీటర్లు. నా పెట్రోలు స్కూటీకి పదేళ్లు నిండాయి, నెలకోసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తోంది. ఇక్కడ ఒక షోరూంలో రూ.1,19,000 ఎలక్ట్రిక్ స్కూటర్‌ను రూ.22,000 తగ్గించి రూ.97,000కే ఇస్తామంటున్నారు. కొత్త మోడల్ వచ్చింది కాబట్టి పాత స్టాక్ క్లియర్ చేస్తున్నారట, ఆఫర్ ఈ నెలాఖరు వరకేనట. 2.9 కిలోవాట్ అవర్, అంటే 2.9 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. ఒకసారి చార్జింగ్ పెడితే 120 కిలోమీటర్లు వస్తుందని కాగితంలో ఉంది. కొంత చేతి నుంచి కట్టి, 90 వేలు అక్కడే ఫైనాన్స్ తీసుకోమంటున్నారు. 11 శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్లు. నాకు ఒక చిట్టీ ఉంది, ఇంకో నాలుగు నెలలకు గానీ చేతికి రాదు. మేం కిరాయికి ఉండేది మొదటి అంతస్తులో. కరెంటు బిల్లు జీరో వస్తుంది. మా బావమరిది మాత్రం 'బ్యాటరీ పోతే అరవై వేలు బొక్క, బండి తుక్కు కింద అమ్ముకోవాలి' అని భయపెడుతున్నాడు. కొటేషన్ ఫొటో పంపుతున్నాను. తీసుకోమంటారా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: నమస్తే అండీ. స్కూటర్ మీ అవసరానికి సరిపోతుంది. ఇబ్బందంతా మీరు పంపిన కొటేషన్‌తోనే. అందులో రాసినట్టే సంతకం పెట్టేస్తే మీకు దక్కే డిస్కౌంట్ దాదాపు ఏమీ ఉండదు. ముందు ఆ కాగితం సంగతే చూద్దాం.

పైన పెద్ద అక్షరాలతో రూ.97,000 అని ఉంది. దాని కింద ఇన్సూరెన్స్ రూ.6,800. 'రిజిస్ట్రేషన్ అండ్ హ్యాండ్లింగ్' రూ.4,500. 'స్మార్ట్ ప్యాక్' రూ.12,000. సైడ్ గార్డు, మ్యాట్, సీట్ కవర్ వగైరా యాక్సెసరీస్ రూ.4,200. అన్నీ కలిపితే రూ.1,24,500. అంటే 22 వేలు తగ్గించాక కూడా, తగ్గించకముందు చెప్పిన 1,19,000 కంటే ఐదున్నర వేలు ఎక్కువే కడుతున్నారు! ఇన్సూరెన్స్ తప్పదు, నిజమే. కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. అదైనా షోరూం వాళ్లు చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోవాలని రూలేమీ లేదు. అదే కవరేజీకి బయట ఎంత చెబుతున్నారో ఫోన్‌లో చూసుకుని ఆ అంకె వాళ్ల ముందు పెట్టండి, చాలాసార్లు అక్కడికక్కడే వెయ్యి దాకా తగ్గుతుంది.

నాకు అస్సలు మింగుడుపడనిది ఆ 4,500. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ పూర్తిగా ఎత్తేశారు. 2024 నవంబరు 18 నుంచి అమల్లో ఉన్న ఈ మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంటుందని ప్రభుత్వం జీవో కూడా ఇచ్చింది. కార్డు, పోస్టు, సర్వీసు చార్జీ లాంటి చిల్లర ఖర్చులు ఉంటాయి, వాటికి రసీదు ఇస్తే కట్టండి. మిగతాది 'హ్యాండ్లింగ్', అంటే బండిని గోడౌన్ నుంచి షోరూంకు తెచ్చినందుకు మీ దగ్గర తీసుకునే కూలి. దాన్ని కట్టాల్సిన పని మీకు లేదు. "ఈ నాలుగున్నర వేలల్లో గవర్నమెంటుకు పోయేది ఎంత? రసీదు ఇస్తారా?" అని నెమ్మదిగా అడగండి. గొడవ పడనక్కర్లేదు. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు కాబట్టి ఆ లైను దానంతటదే చిన్నదైపోతుంది.

స్మార్ట్ ప్యాక్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. కొన్ని కంపెనీలు బండి ధర తక్కువగా కనిపించాలని ఫోన్ యాప్, మ్యాపులు, అదనపు రైడింగ్ మోడ్‌లు, ఒక్కోసారి వారంటీ పొడిగింపు కూడా తీసేసి ప్యాక్ పేరుతో విడిగా అమ్ముతాయి. మీ కొటేషన్‌లో ఆ 12 వేలకు ఏమేం వస్తాయో రాయలేదు. రాసి ఇమ్మనండి. యాప్, మ్యాపులు, పాటలే అయితే వద్దనేయండి. కాలేజీకి దారి మీకు తెలుసు! బ్యాటరీ వారంటీ పెంచేది అందులో ఉంటే అప్పుడు ఆలోచించాలి, ఆ సంగతి కిందకు వస్తాను. చార్జర్ బండి ధరలోనే ఉందా అనేది కూడా తేల్చుకోండి. వెనకటికి చార్జర్‌కు విడిగా డబ్బు తీసుకున్న కొన్ని కంపెనీలు, కేంద్రం సబ్సిడీ లెక్కలు తీసేసరికి 2023లో ఆ డబ్బును కొన్నవాళ్లకు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు చార్జర్‌కు విడిగా అడిగేవాళ్లు పెద్దగా లేరు, అయినా కాగితం మీద ఉంటే మంచిది. యాక్సెసరీస్ బయట దుకాణాల్లో సగం ధరకు దొరుకుతాయి.

ఇక డిస్కౌంట్ 22 వేలలో కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఎంత, కంపెనీ తగ్గించింది ఎంత అని కూడా అడగండి. ఈ సబ్సిడీ ఏటేటా కరిగిపోతూ వచ్చింది. 2021 జూన్‌లో కిలోవాట్ అవర్‌కు రూ.15,000 దాకా పెంచారు, 2023 జూన్‌లో రూ.10,000 చేశారు, 2024 ఏప్రిల్‌లో రూ.5,000కు తెచ్చారు, 2025 ఏప్రిల్ నుంచి రూ.2,500 చేసి బండికి ఐదు వేలు మించకూడదన్నారు. అది వర్తించే రోజుల్లో ఎవరు కొన్నా, ఏ షోరూంలో కొన్నా వచ్చేదే. దాన్ని కూడా తమ ఖాతాలో వేసుకుని 'మేం తగ్గించాం' అని చెప్పే డీలర్లు ఉన్నారు.

ఇవన్నీ తీసేస్తే మీరు కట్టాల్సింది 97,000, ఇన్సూరెన్స్ 6,800, చిల్లర ఖర్చులు ఓ వెయ్యి. మొత్తం లక్షా ఐదు వేల లోపు. ఆ ధరకైతే నేను ఈ స్కూటర్‌ను మంచి బేరమే అంటాను, కింద చెప్పే రెండు మూడు విషయాలు తేలితే.

ఫైనాన్స్ మాటకొస్తే, 90 వేలకు 11 శాతం ఫ్లాట్ అంటే ఏడాదికి 9,900, మూడేళ్లకు 29,700 వడ్డీ. నెలకు రూ.3,325 చొప్పున 36 నెలలు. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 90 వేల మీదే వేస్తుంటారు. బ్యాంకు లెక్కలో, అంటే తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే ఇది ఇరవై శాతం దగ్గర పడుతుంది. డిస్కౌంట్ 22 వేలు, వడ్డీ 29,700. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడండి. ఫైనాన్స్ మీద షోరూంకు కమీషన్ ఉంటుంది కాబట్టి, 'క్యాష్ అయితే ఈ ఆఫర్ లేదు' అన్నా ఆశ్చర్యపోకండి.

మీ జీతం పడే బ్యాంకులో టూవీలర్ లోన్ అడగండి, కాలేజీలో ఉద్యోగుల సొసైటీ ఉంటే అక్కడా అడగండి. రెండూ కుదరకపోతే చిట్టీ వచ్చేదాకా నాలుగు నెలలు ఆగడమే మేలు. 'నెలాఖరు వరకే' అన్న మాటకు టెన్షన్ పడకండి. డీలర్‌కు నెలాఖరు టార్గెట్ ప్రతి నెలా ఉంటుంది. దసరాకు ఒక ఆఫర్, డిసెంబరులో 'ఇయర్ ఎండ్', మార్చిలో లెక్కలు మూసే ఆఫర్ వస్తూనే ఉంటాయి. పాత మోడల్ స్టాక్ అయితే నాలుగు నెలల తర్వాత ఇంకా తగ్గొచ్చు, లేదా అసలు దొరక్కపోవచ్చు. దొరక్కపోతే మరో కంపెనీ పాత స్టాక్ దొరుకుతుంది.

అసలు ప్రశ్న ఆ స్టాక్ ఎంత పాతది అన్నది. పెట్రోలు బండి గోడౌన్‌లో ఏడాది పడి ఉన్నా ఆయిల్ మార్చి, చిన్న బ్యాటరీ మార్చి నడిపేయొచ్చు. లిథియం బ్యాటరీ అలా కాదు. వాడకపోయినా దానికి వయసు మీదపడుతుంది, ఎండకు మరీ తొందరగా. నిండా చార్జింగ్‌తో వేడిగా ఉండే రేకుల షెడ్డులో నెలల తరబడి ఉంచితే సెల్స్ సత్తువ తగ్గుతుంది. ఎవరూ పట్టించుకోక పూర్తిగా సున్నాకు దిగిపోయి అలాగే పడి ఉంటే ఇంకా చెడ్డది. మన వరంగల్ ఎండల్లో ఒక వేసవి మొత్తం గోడౌన్‌లో గడిపిన బండి, కాగితం మీద 'జీరో కిలోమీటర్లు' అయినా లోపల కొత్తది కాదు.

కాబట్టి డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబర్ అడిగి, ఆ బండి ఏ నెల ఏ ఏడాది తయారైందో చూపించమనండి. ఫారం 21 అని డీలర్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం రాయాల్సిందే, రేపు ఆర్‌సీలో ఎక్కేదీ అదే. 'మీరు బుక్ చేశాక బండి వస్తుంది, అప్పుడు చూద్దురుగానీ' అంటే ఒప్పుకోకండి. ఆరు, ఏడు నెలల లోపుదైతే నాకు అభ్యంతరం లేదు. ఏడాది దాటితే 22 వేలు చాలవు, మరో పదివేలు తగ్గించమనండి, కుదరదంటే వదిలేయండి. మీరు రేపు అమ్ముకునేటప్పుడు కొనేవాడు చూసేది తయారైన ఏడాదినే. ఇన్సూరెన్స్ వాళ్లు బండి విలువ కట్టేదీ దాన్నిబట్టే.

ఇంకొకటి, కొందరు డీలర్లు నెల టార్గెట్ చూపించుకోవడానికి బండ్లను ముందే ఎవరో ఒకరి పేరు మీద రిజిస్టర్ చేసి పెట్టుకుంటారు. ఆ తర్వాత 'కొత్త బండే సార్, ఒక్క కిలోమీటరు తిరగలేదు' అని అమ్ముతారు. అలాంటి బండికి మీరు రెండో ఓనర్ అవుతారు, పైగా వారంటీ కూడా మొదటి ఇన్‌వాయిస్ తేదీ నుంచే కరిగిపోతూ ఉంటుంది. టెస్ట్ రైడ్‌కు తిప్పిన బండినీ ఇలాగే అంటగట్టొచ్చు. ఓడోమీటర్‌లో రెండంకెల కంటే ఎక్కువ కిలోమీటర్లు కనిపిస్తే ఎందుకని అడగండి. వారంటీ మీ ఇన్‌వాయిస్ తేదీ నుంచి మొదలవుతుందని ఇన్‌వాయిస్ మీదే రాయించుకోండి. వాట్సాప్ మెసేజ్ కాదు, సంతకం, స్టాంపు ఉన్న కాగితం.

బ్యాటరీ ఆరోగ్యం తెలుసుకోవడానికి మీ చేతిలో ఉన్న పరీక్ష ఒకటుంది. నిండా చార్జింగ్ పెట్టించి, వెనకాల ఇంకొకరిని కూర్చోబెట్టుకుని ఇరవై కిలోమీటర్లు నడపండి. హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో కాసేపు, కాజీపేట వైపు ఫాతిమానగర్ రైల్వే బ్రిడ్జి ఎక్కి దిగుతూ కాసేపు. ఈ సైజు బ్యాటరీ ఉన్న స్కూటర్ మామూలుగా యూనిట్‌కు 30 కిలోమీటర్ల చొప్పున ఇస్తుంది. అంటే 2.9 యూనిట్లకు 87 దాకా. కాగితంలోని 120 ల్యాబ్‌లో తేల్చిన అంకె, మీరు ఒక్కరే నిదానంగా, ఎదురుగాలి లేకుండా వెళ్తే దాని దరిదాపుల్లోకి వస్తుందేమో. ఇరవై కిలోమీటర్లకు 22 నుంచి 25 శాతం దిగితే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇద్దరు ఎక్కారు కాబట్టి ఇంకో రెండు మూడు శాతం ఎక్కువ దిగినా ఫర్వాలేదు. 35 దిగిందంటే మాత్రం ఆ బండి వద్దు, ఇంకో బండి చూపించమనండి.

ఇప్పుడు మీ బావమరిది గారి భయం. ఆయన చెప్పిన అరవై వేలు గాలి మాట కాదు. మూడు యూనిట్ల దరిదాపు బ్యాటరీకి కంపెనీని బట్టి యాభై నుంచి డెబ్భై వేల దాకా అవుతుంది. కానీ 'బ్యాటరీ పోవడం' అంటే ఏమిటో కొంచెం విడదీసి చూడాలి. మీరు నెలకు 26 రోజులు, రోజుకు 32 కిలోమీటర్లు, అంటే ఏడాదికి దాదాపు పదివేల కిలోమీటర్లు తిరుగుతారు. బ్యాటరీని నిండా వాడి నిండా చార్జ్ చేయడాన్ని ఒక సైకిల్ అనుకుంటే మీకు ఏడాదికి 115 సైకిళ్లు పడతాయి. ఈ స్కూటర్లలో వాడే లిథియం సెల్స్ ఎనిమిది వందలు, వెయ్యి సైకిళ్ల తర్వాత ఇరవై శాతం దాకా సత్తువ కోల్పోతాయి. ఎండను, వయసును కూడా లెక్కలోకి తీసుకుని ఆరేళ్లకు 70 శాతానికి దిగిందనుకుందాం. అప్పుడు కూడా బండి అరవై కిలోమీటర్లు పోతుంది. మీకు కావాల్సింది 32. రోజుకు డెబ్భై, ఎనభై కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికైతే ఆ బ్యాటరీ 'పోయినట్టే'. మీకైతే పోనట్టే.

నిజంగా భయపడాల్సింది నెమ్మదిగా తగ్గడానికి కాదు, ఉన్నట్టుండి ఆగిపోవడానికి. బ్యాటరీ లోపలి ఎలక్ట్రానిక్స్ పాడైనా, నీళ్లు దిగినా, ఒక్క సెల్ మొరాయించినా మొత్తం ప్యాక్ పనిచేయదు. అందుకే వారంటీ ముఖ్యం. ఈ శ్రేణిలో చాలా స్కూటర్లకు మూడేళ్లు ఇస్తున్నారు. కిలోమీటర్ల పరిమితి ఒకరిది 30 వేలు, ఒకరిది 50 వేలు. మీ లెక్కకు మూడేళ్లూ, 30 వేల కిలోమీటర్లూ ఒకేసారి అయిపోతాయి. కొన్ని కంపెనీలు అదనంగా డబ్బు తీసుకుని ఎనిమిదేళ్లు లేదా 80 వేల కిలోమీటర్ల దాకా బ్యాటరీ వారంటీ ఇస్తున్నాయి. మీ స్మార్ట్ ప్యాక్‌లో అలాంటిది ఉంటే, లేదా విడిగా దొరికితే, యాక్సెసరీస్ డబ్బు, హ్యాండ్లింగ్ డబ్బు మిగిల్చి దానికి పెట్టండి. నేను ఈ బండి మీద అదనంగా ఖర్చు పెట్టమని చెప్పేది దానికొక్కదానికే. తీసుకునేముందు షరతులు చదవండి. ఎన్ని నెలలకోసారి సర్వీసింగ్ చేయిస్తే వారంటీ చెల్లుతుంది, నీళ్లలో మునిగితే చెల్లుతుందా, బండి అమ్మితే కొన్నవాళ్లకు మారుతుందా, ఈ మూడూ చూడండి.

జీరో బిల్లు గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ, నా లెక్కలో మీ లాభనష్టాలు తేల్చేది అదే. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో. 201 అయిందంటే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికి బిల్లు పడుతుంది. స్కూటర్ మీకు రోజుకు ఒక యూనిట్ చిల్లర తాగుతుంది, చార్జర్‌లో వృథా అయ్యేది కూడా కలిపి. నెలకు 28 నుంచి 30 యూనిట్లు. మీ ఇంట్లో ఇప్పుడు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో మీరు రాయలేదు. ఎన్‌పీడీసీఎల్ వాళ్లు ఇచ్చిన ఏడాది బిల్లులు తీసి యూనిట్లు చూడండి. 130, 140 అయితే హాయిగా పెట్టుకోండి, మీ బండి ఉచిత కరెంటుతో నడుస్తుంది. 175 అయితే చిక్కే. దానికి 30 కలిపితే 205. అప్పుడు మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున 1,020, మిగతా ఐదుకు రూ.7.70 చొప్పున 38. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ దీనికి అదనం. అంటే స్కూటర్ తాగిన 30 యూనిట్లకు మీరు వెయ్యికి పైగా కట్టినట్టు! వేసవిలో కూలర్ తిరిగే మూడు నెలలు ఎలాగూ 200 దాటుతుంటే ఆ నెలల్లో ఈ బాధ లేదు, బండి వాటా రెండు వందల ముప్పై మాత్రమే. మిగతా నెలల్లో 170 దాటే ఇల్లైతే, కాలేజీలో పార్కింగ్ దగ్గర ప్లగ్ పాయింట్ వాడుకోనిస్తారేమో ప్రిన్సిపాల్‌ను అడగండి. రోజూ అక్కర్లేదు, వారంలో రెండు రోజులు అక్కడ పెట్టుకున్నా మీ మీటరు మీద నెలకు పది యూనిట్ల దాకా తగ్గుతాయి.

పెట్రోలుతో పోల్చి చూద్దాం. నెలకు 832 కిలోమీటర్లు. మీ పాత స్కూటీ లీటరుకు 40 ఇస్తుందనుకుంటే 21 లీటర్లు, లీటరు 107 చిల్లర అని లెక్కేసినా నెలకు రూ.2,200 పైనే. జీరో బిల్లు నిలబడితే అదంతా మిగులుతుంది. జీరో బిల్లు పోతే మిగిలేది సగమే. ఒకే స్కూటర్, ఒకే మనిషి, కరెంటు మీటరులో ఐదారు యూనిట్ల తేడాకు ఏడాదికి పది పన్నెండు వేలు అటూఇటూ అవుతాయన్నమాట. షోరూంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కొత్త పెట్రోలు స్కూటరే కొనుక్కుంటే? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో వాటి ధరలు దిగాయి. ఎలక్ట్రిక్‌కు ముందునుంచీ ఐదు శాతమే, కాబట్టి వీటికి తగ్గిందేమీ లేదు. లైఫ్ ట్యాక్సూ అన్నీ కలిపి 110 సీసీ స్కూటర్ రోడ్డు మీదికొచ్చేసరికి లక్షకు అటూఇటూ అవుతుంది. మీ ఎలక్ట్రిక్ స్కూటర్ లక్షా ఐదు వేల లోపు వస్తే తేడా ఐదు వేలే, అది రెండు మూడు నెలల పెట్రోలు ఖర్చు. అదే 1,24,500 పెట్టి ఫ్లాట్ వడ్డీకి కొంటే, తేడా వడ్డీతో కలిపి యాభై వేలు దాటుతుంది. అంత పెట్టి కొనేకంటే పెట్రోలుదే నయం. అలవాటైన మెకానిక్ ఉంటాడు, అమ్మినా నాలుగు డబ్బులు వస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లకు సెకండ్ హ్యాండ్ ధర ఇప్పటికీ అంతంతమాత్రమే. రెండేళ్లకు బండి మార్చే అలవాటు ఉన్నవాళ్లకు నేను వద్దనే చెబుతాను. మీరు పదేళ్లు ఒకే స్కూటీ నడిపిన మనిషి కాబట్టి ఆ సమస్య లేదు.

చార్జింగ్ ఎక్కడ పెడతారు? కొటేషన్ ప్రకారం ఈ బ్యాటరీ ఊడదీసేది కాదు. మొదటి అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిందికి వేలాడదీయడం మాత్రం చేయకండి. వానకు తడుస్తుంది, గంటల తరబడి లోడు లాగితే సన్న వైరు వేడెక్కుతుంది. మన ఇళ్లలో మీటర్లన్నీ కిందే మెట్ల పక్కనో, పార్కింగ్‌లోనో ఉంటాయి కాబట్టి, మీ మీటరు నుంచే సరైన మందం వైరు లాగి, ఎర్తింగ్, ఎంసీబీతో (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్) ఒక సాకెట్ పెట్టించుకోండి. ఇంటి ఓనర్‌ను ముందే అడగండి, బండి కొన్నాక కాదు. 'వద్దు, ఏదైనా అంటుకుంటే?' అని వాళ్లు అంటే తప్పు పట్టలేం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీల భద్రతా నిబంధనలను, అంటే ఏఐఎస్ 156ను గట్టిగా మార్చింది. 2022 డిసెంబరులో కొన్ని, 2023 మార్చి 31 నుంచి మిగతావి అమల్లోకి వచ్చాయి. మీరు కొనే బండి ఆ తర్వాతదే అయి ఉంటుంది. అయినా ఎండలో తిప్పి తెచ్చిన వెంటనే కాకుండా అరగంట చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టండి. రాత్రంతా వదిలేసే అవసరం మీకు రాదు. రోజు వాడకం నిండటానికి రెండు గంటలు చాలు.

షోరూం కంటే ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. సోమవారం పొద్దున పది గంటలకు వెళ్లి, గేటు బయట పది నిమిషాలు నిలబడితే చాలు. దుమ్ము పట్టిన బండ్లు వరసగా ఉన్నాయా, వాటి మీద అతికించిన కాగితాల్లో తేదీలు ఏ నెలవి, జాబ్ కార్డు పట్టుకుని గొడవ పడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా చూడండి. అక్కడ కూర్చున్నవాళ్లను 'అన్నా, బండి ఎట్లుంది? పార్ట్ రావడానికి ఎన్ని రోజులు పట్టింది?' అని అడగండి. షోరూంలో గంట సేపు చెప్పని విషయం అక్కడ రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మీది ఆగిపోతున్న మోడల్ కాబట్టి కంట్రోలర్, డిస్‌ప్లే, చార్జర్ ఈ మూడూ స్టాకులో ఉన్నాయా, తెప్పించాల్సి వస్తే ఎన్నాళ్లు పడుతుందో సర్వీస్ అడ్వైజర్‌ను అడగండి. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉందంటే, లేదా నెల దాటిన బండ్లు అరడజను కనిపిస్తే, ముప్పై వేలు తగ్గించినా తీసుకోవద్దు. కాలేజీ టైముకు చేరాల్సిన మనిషికి నెల రోజులు బండి లేకపోతే ఆటో ఖర్చులే డిస్కౌంట్‌ను తినేస్తాయి.

వీటిలో ముందు ఏది చేయాలంటారేమో. ఈ వారంలో కరెంటు బిల్లులు, సర్వీస్ సెంటర్, ఇంటి ఓనర్ సంగతి తేల్చుకోండి. వీటికి పైసా ఖర్చు లేదు. మూడూ అనుకూలంగా ఉంటే షోరూంకు వెళ్లి ఛాసిస్ నంబర్, తయారైన నెల అడగండి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి. బ్యాంకు లోన్ దొరికి, చేతికొచ్చే ధర లక్షా ఐదు వేలలోపు ఉంటే తీసుకోండి. బ్యాటరీ వారంటీ పొడిగింపు పడితే దానికి మరో ఏడెనిమిది వేలు పెట్టినా ఒప్పుకుంటాను.

పాత స్కూటీని ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వమని కూడా అడుగుతారు. ఎంత చెప్పినా అది డిస్కౌంట్‌లోంచి తీసి ఇచ్చేదే, పైగా దాని ఆర్‌సీ మీ పేరు మీదే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అది తిరిగినంత కాలం చలాన్లు మీ ఫోన్‌కే వస్తాయి. బయట తెలిసినవాళ్లకు అమ్మి, ఆర్టీఏలో పేరు మార్పు అయిపోయాకే తాళం చేతికివ్వండి. కొత్త బండి నాలుగైదు నెలలు సరిగ్గా నడిచాక ఆ పని పెట్టుకున్నా తొందరేం లేదు.